చెక్క రూఫ్ మారుస్తున్నారా? ట్రీటెడ్ సెడార్ షేక్‌లు, ఫైర్ కోడ్, పర్మిట్: ఏది ముందు, ఏది తర్వాత

బే ఏరియాలో డాన్‌విల్, శాన్ రమోన్, వాల్‌నట్ క్రీక్ వైపు పాత ఇల్లు కొన్న మనవాళ్ళలో కొందరికి ఉన్నట్టుండి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది: మీ ఇంటి పైకప్పు చెక్కది, వచ్చే ఏడాది పాలసీ రెన్యూ చేయం అని. మాకూ అలాగే వచ్చింది. మా ఇల్లు 1978లో కట్టింది, పైన సెడార్ షేక్‌లు, అంటే దేవదారు లాంటి చెక్కతో చేసిన పెంకులు, ఆ రూఫ్ అందం చూసే ముచ్చటపడి కొన్నాం. ఉత్తరం వచ్చాక నాలుగు నెలలు టెన్షన్ పడి, ముగ్గురు రూఫర్లతో మాట్లాడి, సిటీ ఆఫీసు చుట్టూ తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఏ పని ముందు చేయాలో తెలియకే నాకు అంత సమయం పట్టింది, మీకు అలా కాకూడదు.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. గోదావరి జిల్లాలో మా అమ్మమ్మగారి ఊళ్ళో తాటాకు ఇళ్ళు ఉన్న రోజుల్లో ఎండాకాలం వస్తే అందరికీ ఒకటే భయం. ఎక్కడో ఒక ఇల్లు అంటుకుంటే గాలికి రవ్వ ఎగిరి నాలుగిళ్ళ అవతల కప్పు మీద పడేది, పేట మొత్తం తగలబడేది. మంట రాకముందే కప్పు ఎక్కి బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళు. కాలిఫోర్నియాలో కార్చిచ్చు ఇళ్ళ మీదికి వచ్చేది కూడా చాలావరకు ఇలాగే, మంట ఇంకా దూరంగా ఉండగానే నిప్పురవ్వలు గాలిలో ముందుగా వచ్చి, ఎండిపోయి విచ్చుకున్న చెక్క పెంకుల సందుల్లో దూరి రాజుకుంటాయి. 1923లో బర్క్‌లీలో 584 భవనాలు కాలిపోయాయి, 1961లో లాస్ ఏంజెలెస్ బెల్ ఎయిర్‌లో 484 ఇళ్ళు పోయాయి, రెండిట్లోనూ చెక్క కప్పులదే పెద్ద పాత్ర. 1991లో ఓక్లాండ్ కొండల మంటల్లో 25 మంది చనిపోయారు. ఇళ్ళకి మంట అంటుకోకుండా పెట్టిన ఈ ఫైర్ కోడ్‌లన్నీ ఆ బూడిదలోంచి పుట్టినవే, అందుకని ఇన్‌స్పెక్టర్ గట్టిగా పట్టుబడితే విసుక్కోకండి.

మొదటి పని: మీ నెత్తి మీద ఏముందో చూడండి

షేక్, షింగిల్ ఒకటి కాదు. సెడార్ దుంగని నిలువునా చీల్చి తీసినది షేక్, మందంగా గరుకుగా ఉంటుంది. రంపంతో రెండు వైపులా నున్నగా కోసినది షింగిల్, పల్చగా సమంగా ఉంటుంది. రెండిటికీ కోడ్‌లో కొలతలు వేరు, అందుకని రూఫర్‌తో మాట్లాడేముందే మీది ఏదో తెలుసుకోండి.

తర్వాత టార్చ్ పట్టుకుని ఆటిక్‌లోకి, అంటే కప్పు కింద ఉండే అటకలోకి ఎక్కండి. పైకి చూస్తే ప్లైవుడ్ కనిపిస్తే సరే. అలా కాకుండా సన్నటి చెక్క పట్టీలు, వాటి మధ్య ఖాళీలు, ఆ ఖాళీల్లోంచి షేక్‌ల అడుగుభాగం కనిపిస్తే అది స్పేస్‌డ్ షీతింగ్ (ఖాళీలు వదిలి కొట్టిన పట్టీల అడుగు), పాత ఇళ్ళలో చాలావాటికి ఇదే ఉంటుంది. ఇది చాలా పెద్ద తేడా, దీనివల్ల ఖర్చు లెక్క మొత్తం మారిపోతుంది, ఎందుకో కింద చెప్తాను.

ఇక ఆ చెక్క ఫైర్ రిటార్డెంట్ ట్రీట్‌మెంట్ (మంట తేలిగ్గా అంటుకోకుండా మందు పట్టించడం) చేసిందా కాదా అన్నది కంటితో చూసి చెప్పలేం. కొందరు ఒక ముక్క విరిచి అగ్గిపుల్ల గీసి పెట్టి చూస్తారు, దానివల్ల మీకు తెలిసేది ఏమీ లేదు, సిటీ గానీ ఇన్సూరెన్స్ గానీ దాన్ని లెక్కలోకి తీసుకోవు. సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో మీ అడ్రస్ ఇచ్చి పాత రూఫ్ పర్మిట్లు అడగండి. గరాజ్‌లో పాత ఓనర్ వదిలేసిన మిగులు కట్ట ఏదైనా ఉందేమో వెతకండి, దాని మీద లేబుల్ ఉండొచ్చు. ఏ కాగితమూ దొరకకపోతే అది ట్రీట్‌మెంట్ లేని చెక్క అనుకునే ముందుకు వెళ్ళండి.

రెండో పని: మీ చోటికి ఏ క్లాస్ కావాలో కనుక్కోండి

కాలిఫోర్నియా హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్‌లో 13132.7 అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం రాష్ట్రంలో ఎక్కడైనా రూఫ్ కనీసం క్లాస్ సి అయి ఉండాలి (రూఫ్ మంటని ఎంత తట్టుకుంటుందో చెప్పేది క్లాస్, అన్నిటికన్నా గట్టిది ఏ, వివరం కింద ఉంది). మంటలార్పే బాధ్యత రాష్ట్రానిదే అయిన ఏరియాల్లో కనీసం క్లాస్ బి. వెరీ హై ఫైర్ హజార్డ్ జోన్‌లో, అంటే కార్చిచ్చు ప్రమాదం చాలా ఎక్కువని గుర్తించిన చోట అయితే క్లాస్ ఏ, అందులో మారు మాట లేదు. ఏడాది లోపల రూఫ్‌లో సగానికి మించి మారిస్తే మొత్తం రూఫ్‌ని కోడ్ ప్రకారం మార్చాల్సిందే, ఈ నెల ముందువైపు వచ్చే నెల వెనకవైపు అని ముక్కలు చేసి తప్పించుకుందామంటే కుదరదు.

మీ ఇల్లు ఏ జోన్‌లో ఉందో కాల్ ఫైర్ (రాష్ట్ర అటవీ, అగ్నిమాపక శాఖ) వెబ్‌సైట్ మ్యాప్‌లో అడ్రస్ కొట్టి చూడండి. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఉన్నదాన్ని నమ్ముకోవద్దు, సిటీల పరిధిలోని ఏరియాలకి 2025 మొదట్లో కొత్త మ్యాప్‌లు విడుదల చేశారు, చాలా ఇళ్ళు కొత్తగా జోన్‌లోకి వచ్చాయి. ఇంతకుముందు బిల్డింగ్ కోడ్‌లో చాప్టర్ 7ఏ అని ఉండే కార్చిచ్చు నిబంధనలు 2026 జనవరి 1 నుంచి వేరే కోడ్‌గా, టైటిల్ 24లో (రాష్ట్ర బిల్డింగ్ నిబంధనలన్నీ ఉండేది) పార్ట్ 7గా వచ్చాయి, అందుకని పాత రూఫర్ ఎవరైనా చాప్టర్ 7ఏ అంటే కంగారుపడకండి, ఆయన చెప్పేది దీని గురించే.

రాష్ట్రం చెప్పింది కనీసం మాత్రమే. సిటీ ఇంకా కఠినంగా ఉండొచ్చు. లాస్ ఏంజెలెస్ సిటీ 1989లోనే చెక్క రూఫ్‌లని నిషేధించింది, ట్రీట్‌మెంట్ చేసినా సరే ఒప్పుకోదు. అందుకని ఫోన్ చేసి మూడు ప్రశ్నలు సూటిగా అడగండి: మా అడ్రస్‌కి రీరూఫ్ చేస్తే ఏ క్లాస్ కావాలి, ట్రీటెడ్ చెక్క షేక్‌లు వేయడానికి ఒప్పుకుంటారా, మధ్యలో ఎన్ని ఇన్‌స్పెక్షన్లు ఉంటాయి. సమాధానం ఈమెయిల్‌లో ఇవ్వమనండి. నేను ఫోన్‌లో విన్నది ఒకటి, కౌంటర్ దగ్గర విన్నది ఇంకొకటి, ఈమెయిల్ వచ్చాకే మనసు కుదుటపడింది.

ఇదే సమయంలో ఇన్సూరెన్స్ వాళ్ళని కూడా అడగాలి. నేను ఇది ఆలస్యంగా చేశాను, మీరు ఆ పొరపాటు చేయకండి. కోడ్‌కి సరిపోయే ట్రీటెడ్ చెక్క రూఫ్ అయినా కొన్ని కంపెనీలు చెక్క అన్న మాట వింటేనే వద్దంటాయి. క్లాస్ ఏ అసెంబ్లీగా (కింది పొరలతో సహా కలిపి పరీక్షించిన కప్పుగా) ట్రీటెడ్ సెడార్ వేస్తే పాలసీ ఇస్తారా అని రాతపూర్వకంగా అడిగి, ఒప్పుకున్నాకే మెటీరియల్ గురించి ఆలోచించండి. 2022లో రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ తెచ్చిన సేఫర్ ఫ్రమ్ వైల్డ్‌ఫైర్స్ నిబంధన ప్రకారం క్లాస్ ఏ రూఫ్ ఉన్నవాళ్ళకి డిస్కౌంట్ ఇవ్వాలి, అది కూడా అడగండి. డిస్కౌంట్ ఇవ్వాలన్నారు గానీ పాలసీ తప్పకుండా ఇచ్చి తీరాలని అందులో లేదు, ఈ తేడా గుర్తుంచుకోండి.

క్లాస్ ఏ, బి, సి అంటే అసలు ఏమిటి

ఇది అర్థమైతే రూఫర్ మిమ్మల్ని మాయ చేయలేడు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఏఎస్‌టీఎం ఈ108, యూఎల్ 790 అనే పరీక్షలు ఉన్నాయి, రెండూ దాదాపు ఒకటే. రూఫ్ ముక్కని వాలుగా పెట్టి, గంటకి 12 మైళ్ళ గాలి కొడుతుండగా దాని మీద మండుతున్న చెక్క చట్రం పెడతారు. క్లాస్ ఏ పరీక్షలో ఆ చట్రం అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండు కిలోల బరువు. క్లాస్ బికి అరడుగు చట్రం, అర కిలో. క్లాస్ సికి పెట్టేది పది గ్రాములు కూడా లేని చిన్న ముక్కలు. మంట ఎంత దూరం పాకిందో కూడా చూస్తారు: ఏకి 6 అడుగులు, బికి 8, సికి 13 దాటకూడదు. ఈ లెక్క చూశాక, నా ఇంటికి సి చాలు అని సిటీ చెప్పినా సి దగ్గర ఆగాలని నాకు అనిపించలేదు.

ట్రీటెడ్ చెక్కకి ఇంకో పరీక్ష ఎక్కువ. వానకి మందు కొట్టుకుపోతే లాభం లేదు కదా, అందుకని 12 వారాలు, ప్రతి వారం 96 గంటలు నీళ్ళలో తడిపి 72 గంటలు ఆరబెట్టి, ఆ తర్వాత మళ్ళీ మంట పెట్టి చూస్తారు. దీనికి తోడు ఆరుబయట ఎండావానల్లో పదేళ్ళు ఉంచే పరీక్ష ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో చెక్క రూఫ్ మెటీరియల్ అమ్మాలంటే ఆ పదేళ్ళలో కనీసం అయిదేళ్ళు నెగ్గి, స్టేట్ ఫైర్ మార్షల్ జాబితాలో ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: ట్రీటెడ్ షేక్ దానంతట అది క్లాస్ బి గానీ సి గానీ అవుతుంది. క్లాస్ ఏ కావాలంటే కింద ఉన్న పొరలు కూడా కలిపి పరీక్షించిన అసెంబ్లీ కావాలి, అంటే ప్లైవుడ్, దాని మీద మంటని ఆపే జిప్సం బోర్డు లేదా కాప్ షీట్ (తారు పట్టించిన మందపాటి షీట్), ఆ పైన షేక్‌లు, ఏ వరసలో ఏ మందంలో పరీక్షలో నెగ్గాయో అచ్చం అలాగే. ఒక్క పొర మార్చినా, వేరే కంపెనీది వేసినా ఆ క్లాస్ మీకు చెల్లదు. పాత పట్టీల మీదే కొత్త షేక్‌లు కొట్టేసి ఇది క్లాస్ ఏ అంటే నమ్మకండి. ఆటిక్‌లోకి ఎక్కి చూడమన్నది ఇందుకే.

మూడో పని: సరైన చెక్క కొనడం

ముగ్గురు రూఫర్లలో మొదటాయన మా ఇల్లు చూసి, కప్పు బాగానే ఉంది, ఫైర్ రిటార్డెంట్ స్ప్రే కొట్టిస్తాను, కోడ్‌కి సరిపోతుంది అన్నాడు. సరిపోదు. కోడ్ చెప్పేది ఫ్యాక్టరీలో ఫుల్ సెల్ వాక్యూమ్ ప్రెషర్ పద్ధతిలో చేసిన ట్రీట్‌మెంట్. పెద్ద ఇనుప సిలిండర్‌లో చెక్కని పెట్టి, ముందు చెక్క కణాల్లోని గాలి లాగేసి, తర్వాత ప్రెషర్‌తో మందుని లోపలికంటా ఎక్కిస్తారు. మన ఊళ్ళో ఊరగాయలో ముక్క లోపలిదాకా ఉప్పు పట్టడానికి, పైన ఉప్పు చల్లడానికి ఎంత తేడా ఉందో దీనికీ స్ప్రేకీ అంత తేడా. పైన కొట్టిన స్ప్రే వానకి, ఎండకి పోతుంది, దాన్ని చూపించి పర్మిట్ పాస్ అవ్వదు.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు, దుకాణం వాళ్ళు కూడా చేస్తారు. ట్రీటెడ్ అని రాసి ఉన్నదంతా మంటకి ట్రీటెడ్ కాదు. కుళ్ళకుండా, పురుగు పట్టకుండా చేసే ట్రీట్‌మెంట్ వేరు. సెడార్ షేక్ అండ్ షింగిల్ బ్యూరో అని 1915 నుంచి ఉన్న సంస్థ లేబుల్స్‌లో సర్టి-గార్డ్ అంటే మంటకి, సర్టి-లాస్ట్ అంటే కుళ్ళకుండా. పేర్లు దగ్గరగా ఉంటాయి, చూసి చదవండి.

సరుకు దిగిన రోజు ఇంట్లోనే ఉండండి. ప్రతి కట్ట మీదా లేబుల్ ఉండాలి: తయారు చేసింది ఎవరు, ట్రీట్‌మెంట్ చేసిన కంపెనీ ఏది, క్వాలిటీ చెక్ చేసే ఏజెన్సీ ఏది, క్లాస్ ఏమిటి. కట్టలు విప్పకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి, కొన్ని లేబుల్స్ చించి దాచండి. ఒకసారి షేక్‌లు కప్పుకెక్కాక అది ట్రీటెడో కాదో ఎవరికీ తెలియదు, మీ దగ్గర ఉన్న ఆ కాగితం ముక్కే ఆధారం. లేబుల్ లేని కట్ట ఒక్కటి కనిపించినా వెనక్కి పంపండి, రూఫర్ ఎంత నచ్చజెప్పినా సరే.

నాలుగో పని: మనిషి, కాంట్రాక్ట్, హెచ్‌ఓఏ

కాలిఫోర్నియాలో రూఫింగ్‌కి సి-39 లైసెన్స్ ఉండాలి. రాష్ట్ర లైసెన్స్ బోర్డు వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి, లైసెన్స్ నడుస్తోందా, వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివాళ్ళకి దెబ్బ తగిలితే ఆదుకునే ఇన్సూరెన్స్) ఉందా చూడండి. సి-39 వాళ్ళకి పనివాళ్ళు లేకపోయినా ఆ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అడ్వాన్స్ పది శాతం గానీ వెయ్యి డాలర్లు గానీ, ఏది తక్కువైతే అది, అంతకు మించి అడగకూడదు. మెటీరియల్ కొనాలి సగం ఇవ్వండి అంటే అక్కడే ఆగిపోండి. పర్మిట్ రూఫర్ పేరు మీదే తీయించండి, మీరు ఓనర్-బిల్డర్‌గా, అంటే కాంట్రాక్టర్ బాధ్యత మీరే తీసుకుని తీస్తే తప్పంతా మీ నెత్తి మీదికి వస్తుంది.

కాంట్రాక్ట్‌లో సెడార్ రూఫ్ అని ఊరికే రాస్తే ఒప్పుకోకండి. ఏ కంపెనీ షేక్, ఏ గ్రేడ్, ఏ క్లాస్, ఏ అసెంబ్లీ, కింద ఏ బోర్డు, ఏ మేకులు, అన్నీ పేరు పేరునా ఉండాలి.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న చోట ఇంకో గొడవ. కొన్ని పాత హెచ్‌ఓఏల నిబంధనల్లో చెక్క షేక్‌లే వేయాలి అని ఉంటుంది. సివిల్ కోడ్ 4720 ప్రకారం, పైన చెప్పిన 13132.7కి విరుద్ధంగా రూఫ్ వేయమని హెచ్‌ఓఏ బలవంతం చేయకూడదు. వెరీ హై జోన్‌లో అయితే ఆ చట్టానికి సరిపోయే రూఫ్ ఒక్క రకమైనా అనుమతించి తీరాలి. మర్యాదగా ఒక ఉత్తరం రాసి ఈ సెక్షన్ నంబర్ పెట్టండి, వాదన పెంచుకోనక్కర్లేదు. టెక్సస్‌లో ఉన్న మనవాళ్ళకి అయితే వడగళ్ళు, గాలి తట్టుకునే షింగిల్స్‌ని హెచ్‌ఓఏ అడ్డుకోకుండా అక్కడి ప్రాపర్టీ కోడ్‌లో 202.011 అని వేరే సెక్షన్ ఉంది, అది చూసుకోండి.

అయిదో పని: కప్పు విప్పి కొత్తది వేస్తున్నప్పుడు

పాత చెక్క మీదే కొత్త కప్పు వేయిద్దామని ఆశపడకండి. రెండిటి మధ్య మంట పాకగల ఖాళీ మిగిలితే ముందు దాన్ని జిప్సం బోర్డు లాంటిదానితో మొత్తం కప్పాలని కోడ్ చెప్తుంది, బరువూ పెరుగుతుంది. మొత్తం విప్పించడమే మేలు, కింద ఎక్కడ కుళ్ళిందో కూడా అప్పుడే బయటపడుతుంది. విప్పిన రోజు ఆటిక్‌లోకి దుమ్ము, చెక్క పేళ్ళు విపరీతంగా పడతాయి, సామాను ముందే కప్పి పెట్టండి.

పట్టీల మీద ప్లైవుడ్ కొట్టాక, షేక్‌లు ఎక్కించకముందు ఇన్‌స్పెక్టర్ రావాలి. ఆ రోజు మీరూ పక్కన నిలబడి చూడండి. తర్వాత చూడాల్సినవి: వాలు అడుగుకి కనీసం 3 అంగుళాలు ఉండాలి, అంతకన్నా తక్కువ వాలు ఉన్న చోట, పాత ఇళ్ళ వెనక వేసిన పాటియో కప్పుల మీద ఇది ఎక్కువగా కనిపిస్తుంది, అక్కడ చెక్క వేయకూడదు. 24 అంగుళాల పొడవున్న షేక్ అయితే 10 అంగుళాలకి మించి బయటికి కనిపించకూడదు, 18 అంగుళాలది అయితే ఏడున్నర. పక్కపక్క షేక్‌ల మధ్య మూడు ఎనిమిదో వంతుల నుంచి అయిదు ఎనిమిదో వంతుల అంగుళం దాకా సందు వదలాలి, తడిస్తే చెక్క ఉబ్బుతుంది కాబట్టి. పై వరస సందు కింది వరస సందు మీద పడకూడదు, కనీసం అంగుళంన్నర పక్కకి జరగాలి. వరసకీ వరసకీ మధ్య 18 అంగుళాల వెడల్పు ఫెల్ట్ పట్టీ (తారు పట్టించిన మందపాటి షీట్) ఉండాలి. సందుల్లోంచి దూరిన రవ్వని, నీటిని ఆపేది ఇదే.

మేకుల దగ్గరే ఎక్కువమంది డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు. ఫైర్ రిటార్డెంట్ షేక్‌లకి టైప్ 316 స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులే వాడాలి, మామూలు గాల్వనైజ్డ్ కాదు. ఒక్కో షేక్‌కి రెండు. ప్లైవుడ్‌లోకి ముప్పావు అంగుళం దిగాలి, ప్లైవుడ్ అంతకన్నా పల్చనైతే అవతలికి మొన కనిపించాలి. మా ఇంట్లో రెండో రోజు డబ్బా మీద చూస్తే 304 అని ఉంది. పనివాళ్ళు మంచివాళ్ళే, దుకాణంలో ఏది దొరికితే అది తెచ్చారు. పని ఆపించి మార్పించాను, ఒక పూట పోయింది. ఆ డబ్బా మీద అక్షరాలు చదవడానికి మీకు ఇంజనీరింగ్ రానక్కర్లేదు.

మిగిలిన ముక్కలని ఫైర్‌ప్లేస్‌లో వేయకండి, బార్బెక్యూలో అసలే వద్దు, ట్రీట్‌మెంట్ చేసిన చెక్క పొగ మంచిది కాదు.

తర్వాత చూసుకోవలసినవి

కప్పు ఎంత మంచిదైనా గట్టర్‌లో ఎండిన పైన్ ఆకులు నిండి ఉంటే రవ్వకి అక్కడే పొయ్యి దొరికినట్టు. సంవత్సరానికి రెండుసార్లయినా తీయించండి. ఆటిక్ వెంట్‌లకి ఎనిమిదో వంతు అంగుళానికి మించని రంధ్రాల ఇనుప జల్లెడ వేయించండి. గోడకి ఆనుకుని అయిదు అడుగుల దాకా ఎండు మొక్కలు, కట్టెలు, చెక్క తొట్లు లేకుండా చూడండి. నాచు పట్టిందని ప్రెషర్ వాషర్‌తో కడిగించకండి, చెక్క పై పొర లేచిపోతుంది. సోలార్ పెట్టాలని ఉంటే రూఫ్ నిర్ణయానికి ముందే సోలార్ కంపెనీని అడగండి, చెక్క కప్పు మీద పెట్టడానికి ఒప్పుకోని వాళ్ళు ఎక్కువ.

ఇంతకీ నేనేం చేశానంటే, మా ఇల్లు వెరీ హై జోన్‌లో లేదు, ఇన్సూరెన్స్ వాళ్ళు రాతపూర్వకంగా సరే అన్నారు, కాబట్టి క్లాస్ ఏ అసెంబ్లీలో ట్రీటెడ్ సెడారే వేయించాను. కొండ మీద, వెరీ హై జోన్‌లో ఉన్న నా స్నేహితుడు అడిగితే మాత్రం చెక్క వద్దని చెప్పాను. అక్కడ ఆస్ఫాల్ట్ కాంపోజిషన్, పెంకు, మెటల్, వీటిలో క్లాస్ ఏ అసెంబ్లీగా తేలిగ్గా దొరికేది ఏదైనా చాలు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ వైపు పాలిసేడ్స్, ఆల్టడీనా కాలిపోవడం టీవీలో రాత్రంతా చూశాక ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఫైనల్ ఇన్‌స్పెక్షన్ సంతకం అయిన కార్డు, కట్టల లేబుల్స్, ఫొటోలు, అసెంబ్లీ పరీక్ష కాగితం, కాంట్రాక్ట్, సిటీ ఈమెయిల్, అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, స్కాన్ కూడా చేసుకోండి. 2010కి ముందు కట్టిన ఇల్లు ఫైర్ జోన్‌లో అమ్మేటప్పుడు ట్రీట్‌మెంట్ లేని చెక్క కప్పు ఉందా అన్నది కొనేవాళ్ళకి తెలియజేయాలి, అప్పుడు ఈ ఫైల్ చేతిలో ఉంటే సమాధానం ఒక్క నిమిషంలో ఇవ్వొచ్చు. ఒక కట్ట షేక్‌లు మిగుల్చుకుని లేబుల్ తీయకుండా గరాజ్‌లో పొడిగా ఉన్న చోట పెట్టండి, గాలికి నాలుగు లేచిపోతే అవే వేయించుకోవచ్చు.